కొండ దాటితే ఏ దేశం?

"సౌండ్ ఆఫ్ మ్యూజిక్" చూడనివాళ్ళు ఈ పత్రిక పాఠకుల్లో ఎంతోమంది ఉండరు. చివరి దృశ్యం జ్ఞాపకం ఉంది గదా? కెప్టెన్ వాన్ ట్రాప్ చిన్నపిల్లని వీపున వేసుకుని, భార్యా పిల్లలతో కొండ ఎక్కుతూ ఉంటాడు. వెనక నాజీలు, ముందు మంచుకొండలు. ఆ కొండ దాటితే స్విట్జర్లాండు... స్వేచ్ఛ! హాల్లో చప్పట్లే చప్పట్లు.

తీరా మ్యాపు తీసి చూస్తే సాల్జ్‌బర్గ్ పక్కన ఉన్న ఆ కొండకి అవతల స్విట్జర్లాండు లేదు. జర్మనీ ఉంది! అదీ ఎక్కడనుకున్నారు? హిట్లరు విడిది ఇల్లు కట్టుకున్న బెర్హ్‌టెస్‌గాడెన్ వైపు. పాపం, అంత పాటా పాడి, అంత కొండా ఎక్కి, సరాసరి ఆయన పెరట్లో దిగేవాళ్ళన్నమాట. స్విట్జర్లాండు సరిహద్దు అక్కడికి రెండొందల కిలోమీటర్ల పైమాటే. అసలు కథలో ఆ కుటుంబం 1938లో కొండలూ ఎక్కలేదు, గుట్టలూ ఎక్కలేదు. నిక్షేపంగా రైలెక్కి ఇటలీ వెళ్ళింది.

ఈ సంగతి నేను మా ఆవిడకి ఎంతో గొప్పగా చెప్పాను. ఆవిడ వంకాయలు తరుగుతూ విని, "అయితే మనం రైల్లో వెళదాం. సాల్జ్‌బర్గ్ నుంచి స్విట్జర్లాండు దాకా. వాళ్ళు వెళ్ళలేని దారి మనం వెళ్ళొచ్చు గదా" అంది.

2025 మే నెలలో మేం చేసిన రెండు దేశాల ప్రయాణం ఆ వంకాయల పళ్ళెం దగ్గర మొదలైంది.

రెండు దేశాలేనా? అని మా అబ్బాయి ఫోన్లో ఆశ్చర్యపోయాడు. "అంత డబ్బు పోసి వెళుతూ రెండేమిటి నాన్నా? పన్నెండు రోజుల్లో ఎనిమిది దేశాలు చూపించేవాళ్ళున్నారు." ఉన్నారు, నాకు తెలుసు. 2018లో మేం అలాంటి టూరుకే వెళ్ళాం. తెల్లారకట్ల ఐదింటికి సామాను గుమ్మం బయట పెట్టాలి. ఆరింటికి టిఫిను, ఏడింటికి బస్సు. మూడు గంటలు బస్సు, ముప్ఫై నిమిషాలు ఊరు. సాల్జ్‌బర్గ్‌లో దిగాం, ఫోటో తీసుకున్నాం, ఎక్కాం. మిరాబెల్ తోటలో పిల్లలు "డో-రే-మి" పాడుతూ ఎక్కి దిగే మెట్లున్నాయే, వాటి మీద ఒక్క నిమిషం కూర్చుంటానని మా ఆవిడ అడిగింది. గైడు కుర్రాడు గడియారం చూపించాడు. ఆవిడ ఆ సినిమాని కాలేజీ రోజుల్లో సికింద్రాబాద్‌లో మూడుసార్లు చూసింది. మూడోసారి ఇంట్లో చెప్పకుండా!

అదే టూరులో ఇంకో సంగతి జరిగింది. దాన్ని ఇన్నాళ్ళూ మేమిద్దరం మాట్లాడుకోలేదు. స్విట్జర్లాండులో యుంగ్‌ఫ్రౌయోహ్ అని ఉంది. కొండని తొలిచి వేసిన రైలు 1912 నుంచీ అక్కడికి నడుస్తోంది. స్టేషను ఎత్తు 3454 మీటర్లు. అక్కడ గాలి మనకి అలవాటైన దాంట్లో మూడింట రెండొంతులే. రైలు దిగిన ఐదు నిమిషాలకి మా ఆవిడకి తల తిరిగింది, ఆయాసం వచ్చింది. గైడు ఆవిణ్ణి ఒక కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను, "ఇప్పుడే వస్తా" అని మంచు చూడ్డానికి వెళ్ళాను. వెళ్ళినవాణ్ణి నలభై నిమిషాలకి వచ్చాను. ఆవిడ ఏమీ అనలేదు. "బాగుందా?" అని మాత్రం అడిగింది.

ఈసారి ప్లాను వెయ్యడానికి డైనింగు టేబులు మీద మ్యాపు పరిచి నేను యుంగ్‌ఫ్రౌయోహ్ మీద పెన్సిలుతో సున్నా చుట్టబోతుంటే అప్పుడంది: "ఏమండీ, ఎక్కడికి తీసికెళ్ళినా సరే. ఈసారి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి వెళ్ళకండి."

పెన్సిలు కింద పెట్టేశాను.

మా ఇద్దరికీ ఏం తక్కువ లేదు, చెప్పొద్దూ! నాకు అరవై తొమ్మిది, ఆవిడకి అరవై ఆరు. రోజూ పార్కులో ఐదు కిలోమీటర్లు నడుస్తాం. అయితే ఇద్దరికీ సత్తువ ఒకేచోట లేదు. ఆవిడకి ఎత్తు పడదు, నాకు దిగుడు పడదు. ఎక్కమంటే ఎక్కుతాను, దిగేటప్పుడు ఎడమ మోకాలు పేచీ పెడుతుంది. చురుగ్గా ఉన్న ముసలివాళ్ళతో వచ్చే చిక్కే ఇది. తమకేం ఫరవాలేదని అనుకుంటారు గనక ప్లానులో మోకాలికి చోటివ్వరు. మేం అందరికంటే ముందు దానికే ఇచ్చాం. ఎవరికి ఏది పడదో అది మ్యాపులోంచి కొట్టేశాం. 3454 పోయింది. 1800 మీటర్లు దాటినవేవీ వద్దనుకున్నాం.

తర్వాత వచ్చింది తేదీల తగువు. వసంతం అన్నది అక్కడ ఒక్క రోజున రాదు. మెట్లెక్కుతున్నట్టు కిందనుంచి పైకి వెళుతుంది. ఏప్రిల్లో లోయల్లో ఆపిల్ చెట్లు పూస్తాయి, కానీ కొండమీద ఇంకా చలికాలమే. పైగా చలికాలపు స్కీయింగు అయిపోయి ఎండాకాలపు జనం రాకముందు చాలా రోప్‌వేలనీ కొండరైళ్ళనీ మరమ్మతులకి ఆపేస్తారు. ఈ ముక్క రంగుల కాగితాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పెద్ద ఘాట్ రోడ్లు మేలోనో జూన్‌లోనో గాని తెరవరు. సినిమాలో జూలీ ఆండ్రూస్ చేతులు చాపి గిర్రున తిరిగే ఆ పచ్చటి కొండ చూసి ఏప్రిల్లో బయల్దేరితే మోసపోతాం. 1964లో ఆ యూనిట్ సాల్జ్‌బర్గ్‌లో ఏప్రిల్ చివర షూటింగు మొదలుపెట్టింది. వానలు... వానలు... రోజుల తరబడి కెమెరాలకి గొడుగులు పట్టుకుని కూర్చున్నారు. సినిమాలో మనం మొదట చూసే ఆ కొండమీద పాటని చిట్టచివరికి, జూన్ నెలాఖర్న తీశారు. అందుకే అంత పచ్చగా ఉంది! ఆ షాట్ తీసిన హెలికాప్టరు గాలికి జూలీ ఆండ్రూస్ టేకు అయినప్పుడల్లా గడ్డిలో పడిపోయేదట. అన్నట్టు ఆ కొండ కూడా ఆస్ట్రియాలో లేదు, జర్మనీ బవేరియాలో ఉంది. చివరి దృశ్యంలో ఎక్కే కొండా జర్మనీదే. ఆస్ట్రియా వాళ్ళ కథకి మొదలూ చివరా జర్మనీలో తీసుకున్నారన్నమాట.

జూన్ అయితే జనం, ఖర్చు. ఈస్టరుకీ, పెంతెకోస్తు పండక్కీ సాల్జ్‌బర్గ్‌లో సంగీతోత్సవాలు, అప్పుడు హోటళ్ళ రేట్లు మన సంక్రాంతి బస్సు టికెట్లలా ఉంటాయి. అవీ ఇవీ తప్పించి, మే రెండోవారం ఖాయం చేశాం. లోయలు పచ్చగా ఉంటాయి, శిఖరాల మీద మంచు ఉంటుంది, మంచు కరిగి జలపాతాలకి నీరు దిగుతుంది. ఒకే చూపులో రెండు రుతువులు.

పదమూడు రాత్రులు, మూడు గదులు. ఈ లెక్క మా ఆవిడది. సాల్జ్‌బర్గ్‌లో ఏడు, ఇంటర్లాకెన్‌లో నాలుగు, లూట్సెర్న్‌లో రెండు. విమానం వెళ్ళేటప్పుడు వియన్నాలో దిగాలి, తిరుగు ప్రయాణం జ్యూరిక్ నుంచి. వచ్చిన దారినే వెనక్కి పోయే పని లేదు. వియన్నా విమానాశ్రయంలోనే రైలెక్కితే సుమారు మూడు గంటల్లో సాల్జ్‌బర్గ్.

వీసా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. రెండు దేశాలకీ ఒకటే షెంజెన్ వీసా చాలు. స్విట్జర్లాండు ఐరోపా సమాఖ్యలో లేకపోయినా ఇందులో ఉంది. ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటామో ఆ దేశానికి దరఖాస్తు పెట్టాలి. మాకు ఏడుకి ఆరు, కాబట్టి ఆస్ట్రియా. ప్రయాణానికి ఆరునెలల ముందునుంచీ పెట్టుకోవచ్చు, పదిహేను రోజుల ముందైనా పెట్టి తీరాలి. ముప్ఫై వేల యూరోలకి తగ్గకుండా వైద్య బీమా ఉండాలి. మన వయసుకి బీమావాళ్ళు పాత జబ్బుల గురించి గుచ్చిగుచ్చి అడుగుతారు. బీపీ ఉంటే ఉందని రాయండి. దాచి ఆదా చేసే నాలుగు డబ్బులు అక్కడి ఆస్పత్రి గుమ్మంలోనే ఖర్చయిపోతాయి. మందులు చేతిసంచీలో, డాక్టరు చీటీతో, మందు అసలు పేరుతో సహా.

తిండి కోసం మా ఆవిడ కందిపొడి, చింతకాయ పచ్చడి, అటుకులు సిద్ధం చేసింది. నెయ్యి సీసా కూడా సర్దబోతే నేను అడ్డం పడ్డాను. మాంసం, పాలతో చేసినవి ఆ దేశాల్లోకి పట్టుకెళ్ళనివ్వరు. "నెయ్యి లేకుండా కందిపొడి ఏమిటండీ!" అంది. అక్కడ అంగట్లో వెన్న కొని కాచుకున్నాం. ఆస్ట్రియా వెన్న కమ్మదనం గురించి ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. అంగళ్ళంటే గుర్తొచ్చింది, రెండు దేశాల్లోనూ ఆదివారం దాదాపు అన్నీ మూసేస్తారు. పెద్ద రైల్వే స్టేషన్లలోవి తెరిచి ఉంటాయి. శనివారం సాయంత్రమే పాలూ రొట్టే కొనుక్కోకపోతే ఆదివారం అటుకులే గతి. మేం మొదటి ఆదివారం అటుకులే తిన్నాం.

సాల్జ్‌బర్గ్‌లో వంటిల్లున్న చిన్న ఫ్లాటు అద్దెకి తీసుకున్నాం. "లిఫ్టు ఉందా?" అని అడిగాను, ఉందన్నారు. వీధి గుమ్మం నుంచి లిఫ్టు దాకా ఎన్ని మెట్లని అడగలేదు. పద్దెనిమిది! మీరు అడగండి.

రెండోనాడు మా ఆవిడ మిరాబెల్ తోటకి వెళ్ళి ఆ మెట్ల మీద కూర్చుంది. టికెట్టు లేదు, గేటు లేదు, గైడు లేడు. ఎదురుగా పూలమళ్ళు, వాటి వెనక కొండమీద 1077లో కట్టడం మొదలుపెట్టిన కోట. కాసేపటికి వాన పట్టుకుంది. ఆ ఊరి వానకి అక్కడ ఒక పేరుంది. దారాలు వేలాడదీసినట్టు సన్నగా, తెగకుండా పడుతుందని దారాల వాన అంటారు. గొడుగు వేసుకుని అలాగే కూర్చుంది. "లేద్దామా?" అన్నాను. "ఇంకా రే దగ్గరే ఉన్నాను, మి దాకా రానివ్వండి" అంది. మన సరిగమలే గదా అవి, బట్టలు మార్చుకున్నాయంతే!

ఏడు రాత్రులుంటే ఊరు తొందరపెట్టదు. కోటకి నడిచి ఎక్కక్కర్లేదు, 1892 నుంచీ తాడు రైలుంది. దిగేటప్పుడు కూడా అందులోనే దిగాను, మోకాలికి దణ్ణం పెట్టుకుని. ఒకరోజు చెట్లబాట వెంట హెల్‌బ్రున్ తోటకి నడిచాం. అంతా చదును నేల, మన వయసుకి దేవుడిచ్చిన దారి. నాలుగు వందల ఏళ్ళ కిందట అక్కడ విలాసభవనం కట్టించిన ఆర్చిబిషప్పు గారు గొప్ప కొంటె మనిషి. తోటలో రాతి బల్ల, చుట్టూ రాతి పీటలు వేయించి, విందులో ఉన్న అతిథుల కిందనుంచి నీళ్ళు చిమ్మేటట్టు ఏర్పాటు చేశాడు. ఆయన కూర్చునే పీటకి మాత్రం కన్నం లేదు! ఇప్పటికీ వసంతం నుంచి ఆ ఫౌంటెన్లు నడుపుతారు. తడవను గాక తడవను అని బీరాలు పలికి నిలువునా తడిశాను.

అదే తోటలో "సిక్స్‌టీన్ గోయింగ్ ఆన్ సెవెంటీన్" పాట గాజు మంటపం ఉంది. తాళం వేసి ఉంటుంది. పెద్ద వయసు అభిమాని ఒకావిడ సినిమాలో పిల్లలాగా బెంచీ మీదనుంచి బెంచీ మీదకి గెంతబోయి పడిందట. అప్పటినుంచీ ఎవర్నీ లోపలికి రానివ్వడం లేదని చెప్పుకుంటారు. మా ఆవిడ గాజుకి ముఖం ఆనించి ఆ బెంచీలు చాలాసేపు చూసింది. "పడిందే గాని, రెండు బెంచీలైనా గెంతి ఉంటుంది లెండి" అంది.

పెళ్ళి దృశ్యం తీసిన మోండ్‌సే చర్చికి బస్సులో వెళ్ళొచ్చాం. తక్కిన రోజుల్లో ఏమీ చెయ్యలేదు. నది ఒడ్డున కూర్చున్నాం. మేలో అక్కడ ప్రతి భోజనశాలలోనూ తెల్ల ఆస్పరాగస్ దొరుకుతుంది, శాకాహారులకి అది పండగే. మునగకాడకి దూరపు చుట్టంలా ఉంటుంది. రుచి అంత లేదు గాని మర్యాద ఎక్కువ.

ఎనిమిదో రోజు మొత్తం రైలుకి రాసిచ్చాం. సాల్జ్‌బర్గ్ నుంచి జ్యూరిక్‌కి నేరుగా వెళ్ళే రైలుంది, ఐదున్నర గంటల లోపే. టికెట్టు నెలల ముందు కొంటే చవక, ఆఖర్న కొంటే కళ్ళు తిరుగుతాయి. స్విట్జర్లాండు ఆరురోజుల పాసు ఆవేళ సరిహద్దు ఊరు బూక్స్ నుంచే మొదలయ్యేట్టు తీసుకున్నాం. ఆ పాసు మీద రైళ్ళూ, బస్సులూ, చెరువుల్లో స్టీమర్లూ అన్నీ ఎక్కొచ్చు. సాల్జ్‌బర్గ్ దాటగానే రైలు జర్మనీలో దూరింది! ఇన్స్‌బ్రుక్‌కి అదే దగ్గర దారి. స్టేషన్లలో ఆగకుండా బవేరియా గుండా పోయి మళ్ళీ ఆస్ట్రియాలో తేలుతుంది. "చూశారా, పాపం వాళ్ళ కొండ దారి మరీ అబద్ధమేం కాదు. స్విట్జర్లాండుకి జర్మనీ మీదుగానే దారి" అంది మా ఆవిడ. నా మ్యాపు పాండిత్యం అక్కడితో సరి. తర్వాత పది కిలోమీటర్ల పైచిలుకు ఆర్ల్‌బెర్గ్ సొరంగం, 1884 నాటిది. చీకట్లో పులిహోర పొట్లం విప్పాం. సొరంగం అవతల నేల వేరు, ఇళ్ళ చూరులు వేరు. యూరోలు సంచీలో పడేసి ఫ్రాంకులు బయటికి తీశాం.

ఇంటర్లాకెన్ గురించి మన సినిమావాళ్ళకి నేను చెప్పాలా! మన పాటలు తొక్కని గడ్డి అక్కడ లేదు. యశ్ చోప్రాకి 2016లో ఆ ఊళ్ళోనే విగ్రహం పెట్టారు. 1995 నాటి "దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే" చూసినవాళ్ళు సానెన్ వంతెన దాకా పోయి ఫోటోలు దిగుతారు. మేమూ పోయాం, దిగాం. కొరియా సీరియల్ ఒకటి తీశారని ఈసెల్ట్‌వాల్డ్ అనే పల్లెకి జనం విరగబడితే, ఆ పల్లెవాళ్ళు చెరువు గట్టు మీది చెక్కవంతెనకి గేటు పెట్టి ఐదు ఫ్రాంకులు వసూలు చేస్తున్నారు. మన కోనసీమ వాళ్ళు ఈ కిటుకు ఇంకా కనిపెట్టలేదు.

యుంగ్‌ఫ్రౌయోహ్ వైపు రైళ్ళు కళ్ళముందే పోతుంటే నాకు మనసు పీకలేదంటే అబద్ధం. రెండుసార్లు టైంటేబులు చూశాను కూడా. మా ఆవిడ చూసింది, ఏమీ అనలేదు. ఆ రోజు మ్యూరెన్ వెళ్ళాం. 1638 మీటర్లు, కార్లు లేని ఊరు. ఊరి పైన షిల్ట్‌హోర్న్ శిఖరం మీద 1969 నాటి జేమ్స్ బాండ్ సినిమా తీసిన గుండ్రటి హోటలుంది. మేం పైకి పోలేదు. ఊళ్ళో బెంచీ మీద కూర్చుంటే ఎదురుగా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ మూడూ వరసగా నుంచున్నాయి. పైకెక్కితే వాటి మీద నుంచుంటాం గాని వాటిని చూడలేం. ఈ మాట నన్ను ఓదార్చడానికి మా ఆవిడ చెప్పింది, నిజంగానే ఓదార్పుగా ఉంది.

లూట్సెర్న్‌లో చివరి రోజు. స్టీమరెక్కి విట్స్‌నావ్ రేవులో దిగితే అక్కడే రిగి కొండరైలు. 1871లో వేశారు, యూరప్‌లో కొండెక్కిన మొదటి రైలు అదే. మా పాసు మీద పైదాకా ఉచితం. శిఖరం 1798 మీటర్లు, మా గీతకి రెండు మీటర్లు లోపల! ఆవిడకి తల తిరగలేదు, ఆయాసం రాలేదు. చుట్టూ చెరువులు, ఒక పక్కంతా మంచుకొండల వరస. గంటసేపు చూశాం.

"దిగేటప్పుడు నడుద్దామండీ, కింది స్టేషను దాకా" అంది. అక్కడక్కడా మంచు మిగిలి ఉన్నా దారి బాగానే ఉంది. వంద గజాలు దిగానో లేదో, నా మోకాలు మొదలుపెట్టింది. బింకంగా ఇంకో యాభై గజాలు నడిచాను. ఆవిడ ఆగి నా నడక చూసింది.

"మీరు రైల్లో రండి. నేను నడిచి వస్తాను" అంది.

ఎక్కి, స్టాఫెల్ స్టేషన్లో దిగి, బెంచీ మీద కూర్చున్నాను. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు... నా పక్కన కూర్చున్నవాళ్ళు లేచి వెళ్ళారు, వేరేవాళ్ళు వచ్చి కూర్చున్నారు. నేను దారివైపే చూస్తున్నాను. అరగంట దాటాక మలుపులో ఆవిడ కనిపించింది. కొంగు బొడ్లో దోపుకుని, చేతిలో గొడుగు ఊపుకుంటూ, ముఖమంతా ఎర్రబడి.

వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"బాగుందా?" అన్నాను.

"చాలా బాగుంది. తర్వాత రైలు ఎన్నింటికి?"

"ఇంకో ఇరవై నిమిషాలుంది. కూర్చో."

"కూర్చోవడమెందుకు? ఇంకో స్టేషను నడిచేస్తాను. ఆ మంచినీళ్ళ సీసా ఇటివ్వండి."